నల్లగొండలో స్పానిష్ క్రియల తరగతి: ఒకే మాటకు రెండు కోతలు

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలో, ఒక మందుల దుకాణం పైఅంతస్తులోని గదిలో, ఆదివారాలు మాత్రమే నడిచే ఒక చిన్న స్పానిష్ తరగతికి మా అమ్మాయితో కలిసి పది వారాలు వెళ్లాను. స్పానిష్ మొత్తం నేర్పుతామని ఆ తరగతివారు చెప్పరు. క్రియాపదాలను మాత్రమే తీసుకుని, వాటిని సిలబుళ్లుగా, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలుగా, ఎలా విడగొట్టాలో, వాటిలో ధాతువు ఎక్కడ ముగుస్తుందో, కాలాన్ని చెప్పే ముక్క ఏదో, ఎవరు చేశారో చెప్పే ముక్క ఏదో గుర్తించడం నేర్పుతారు. రెండు గంటల చొప్పున పది తరగతులకు, అభ్యాస పుస్తకంతో కలిపి, మనిషికి 3,500 రూపాయలు తీసుకున్నారు. దేవరకొండ నుంచి వచ్చిపోయే బస్సు ఖర్చు మాకు అదనం. ఆ డబ్బుకూ ఆ ప్రయాణానికీ తగిన చదువు అక్కడ దొరికింది. అయితే చేతికిచ్చిన పుస్తకం మాత్రం బోధన స్థాయికి తగినట్టు లేదు. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెప్పవలసి ఉంది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ, స్పెయిన్ విద్యాశాఖ తరఫున సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే దెలె అనే స్పానిష్ భాషా పరీక్షలో మొదటి మెట్టయిన ఏ1కు సిద్ధమవుతోంది. ఈ తరగతిలో చేరకముందు నాలుగు నెలలపాటు ఆమె ఫోన్‌లో క్రియల పట్టికలు చూసి బట్టీ పట్టింది. ఒక్కో క్రియకు ఒక్కో కాలంలో ఆరు రూపాలు, ఆ పైన నియమం తప్పిన క్రియల జాబితా వేరు. రాత్రి చదివినది పొద్దునకు నిలవడం లేదని బాధపడేది. పదం లోపల ఏమున్నదో తెలియకుండా పదాన్ని మోయడం ఎంత బరువో నాకు తెలుసు, ఎందుకంటే సంధులు విడదీయడం రాని పిల్లలు పద్యాన్ని బట్టీ పట్టడం నేను ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను. అందుకే ఈ తరగతి సంగతి తెలియగానే ఆమెను చేర్పించి, నేనూ చేరాను.

మొదటి ఆదివారం పాఠం చెప్పే మేడమ్ మా ముందు పొడవాటి అట్టముక్కలు, ఒక కత్తెర, సెల్లోటేపు చుట్ట పెట్టారు. ఆమె హైదరాబాద్‌లో స్పానిష్ చదువుకుని సొంత ఊరికి తిరిగివచ్చిన మనిషి. మొదటి అట్టమీద ‘కాంతాబామోస్’ అనే మాట పెద్ద అక్షరాలతో స్పానిష్ లిపిలో ఉంది. ‘మేము పాడుతూ ఉండేవాళ్లం’ అని దాని అర్థం. దాన్ని ముందు నోటితో పలికి, గొంతు ఎక్కడ విరుగుతుందో అక్కడ కొయ్యమన్నారు. కాన్, తా, బా, మోస్ అని నాలుగు ముక్కలు వచ్చాయి. వాటిని టేపుతో మళ్లీ అతికించి, ఈసారి అర్థాన్నిబట్టి కొయ్యమన్నారు. అప్పుడు ‘కాంత్’ అనేది పాడటం అనే ధాతువుగా, ‘ఆ’ అనేది ఈ క్రియ ఏ కుటుంబానికి చెందిందో చెప్పే అచ్చుగా, ‘బా’ అనేది గతంలో సాగుతూ ఉండిన పనికి గుర్తుగా, ‘మోస్’ అనేది ‘మేము’ అన్నదానికి గుర్తుగా విడిపోయాయి. రెండుసార్లూ నాలుగేసి ముక్కలే వచ్చాయి. ‘బా’, ‘మోస్’ ముక్కలు రెండు కోతల్లోనూ మారలేదు. మొదటి కోత మాత్రం ఒక్క అక్షరం ఇటు జరిగింది. గొంతు లెక్కలో రెండో ముక్కకు పోయిన టి అనే అక్షరం, అర్థం లెక్కలో ధాతువుతో ఉండిపోయింది. అట్టమీద టేపు అతికిన గీత ఒకటి, దాని పక్కనే కొత్తగా కోసిన గీత ఒకటి, రెండింటి మధ్య ఒంటరిగా నిలిచిన ఆ ఒక్క అక్షరం. తరగతి మొత్తం ఆ అక్షరం చుట్టూ తిరుగుతుందని ఆ రోజు మాకు తెలియదు.

రెండో అట్ట తెలుగుది, ‘పాడాము’ అన్న మాట. గొంతుతో విడగొడితే పా, డా, ము. అర్థంతో విడగొడితే పాడ్ అనే ధాతువు, జరిగిపోయిందని చెప్పే ఆకారం, ‘మేము’ అన్న అర్థమిచ్చే ము. రెండో కోతకు కత్తెర ఎక్కడ పెట్టాలన్నది చిక్కు. రోమన్ లిపిలో హల్లు వేరుగా, అచ్చు వేరుగా నిలబడతాయి కాబట్టి వాటి మధ్యకు కత్తెర సులభంగా పోతుంది. తెలుగులో హల్లూ అచ్చూ ఒకే అక్షరంలో కలిసి ఉంటాయి. మా అమ్మాయి కత్తెర పట్టుకుని ఆగిపోయి, “మేడమ్, అక్షరాన్నే కొయ్యాల్నా?” అని అడిగింది. “ధాతువు అక్కడనే ఆగుతది కదమ్మా, కొయ్యి” అన్నారు ఆమె. డా మీది దీర్ఘాన్ని వేరుచేసి, మిగిలినదానికి పెన్నుతో పొల్లు పెట్టాక ‘పాడ్’ అన్నది ఒక ముక్కగా, దీర్ఘం మరొక ముక్కగా బల్లమీద పడ్డాయి. ముప్పై ఏళ్లుగా ధాతువులు, ప్రత్యయాలు నల్లబల్ల మీద రాస్తున్నాను కానీ, అవి అక్షరాన్ని చీల్చుకుంటూ పోతాయన్న సంగతి ఇంత సూటిగా పిల్లలకు ఎప్పుడూ చూపలేదు. మరునాడే మా బడిలో తొమ్మిదో తరగతికి ఇదే అట్ట, ఇదే కత్తెర పట్టుకుపోయాను.

గొంతు కోతకు సంబంధించిన నియమాలకు రెండు వారాలు పట్టాయి. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతో పోతుంది. కో-మేర్, వి-వీర్, తో-మార్ అలాంటివి, వాటితో ఎవరికీ ఇబ్బంది లేదు. రెండు హల్లులు పక్కపక్కన వస్తే సాధారణంగా ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు పోతాయి. పార్-తీర్, సాల్-తార్, కాన్-తార్ అలా విడిపోతాయి. మనవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. తెలుగు లిపిలో సంయుక్తాక్షరం మొత్తం తర్వాతి అచ్చుకే అంటుకుని ఉంటుంది కాబట్టి, ‘పార్తీర్’ అని తెలుగులో రాసుకున్నవాళ్లంతా పా-ర్తీర్ అని విడగొట్టారు. కన్ను చెప్పింది చేయి చేసింది. చెవి చెప్పేది వేరు.

ఇక్కడ మేడమ్ గురులఘువుల ప్రస్తావన తేగా నాకు ప్రాణం లేచివచ్చింది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువని పదో తరగతి పిల్లలకు చెబుతాం. ‘సత్యము’లో స ఎందుకు గురువైంది? లిపిలో త్య అంతా ఒక్క అక్షరమే అయినా, గొంతులో త్ అనే హల్లు వెనక్కి వచ్చి స దగ్గర ఆగుతుంది. సత్-య-ము అని పలుకుతాం కనుకనే స బరువెక్కుతుంది. అంటే లిపి చూపనిదాన్ని మన ఛందస్సు ఏనాడో లెక్కలోకి తీసుకుంది. స్పానిష్‌లోని పార్-తీర్ సరిగ్గా ఆ గురువే.

మినహాయింపు కూడా మనదాన్నే గుర్తుచేస్తుంది. స్పానిష్‌లో పి, బి, ఎఫ్, క అని పలికే సి, గ అని పలికే జి తర్వాత ఎల్ గానీ ఆర్ గానీ వచ్చినా, టి, డి తర్వాత ఆర్ వచ్చినా ఆ జంట విడిపోదు. ఆ-బ్రీర్ అంటే తెరవడం, ఆ-బ్లార్ అంటే మాట్లాడటం, ఎస్-క్రి-బీర్ అంటే రాయడం. తెలుగు ఛందస్సులోనూ ‘అద్రుచు’, ‘విద్రుచు’ వంటి మాటల్లో రేఫ ఒత్తును ఊది పలకకుండా తేల్చి పలికితే ముందున్న అక్షరం లఘువుగానే ఉండిపోతుంది. ఆ-బ్రీర్‌లో మొదటి ఆ కూడా అలా తేలికగా ఉండిపోయేదే. ఈ పోలిక పుస్తకంలో లేదు. నేను తరగతిలో చెప్పగా మేడమ్ బల్లమీద రాసి, మిగతావాళ్లందరితో ‘అద్రుచు’ అని నాలుగుసార్లు పలికించారు. ఎదురు చెప్పినా, కొత్తది చెప్పినా ఆమె ఆదరించే తీరు ఈ తరగతిలో నాకు బాగా నచ్చిన గుణం.

రెండు ఆర్ అక్షరాలు పక్కపక్కన ఉన్నచోట మా జట్టులో అందరం తప్పు చేశాం. పరుగెత్తడం అనే క్రియను తెలుగులో ‘కొర్రేర్’ అని రాసుకుని కొర్-రేర్ అని కోశాం. ఆ రెండు ఆర్‌లు కలిసి నాలుకను అదిలించి పలికే ఒకే ధ్వనికి గుర్తు కనుక, అవి విడిపోక తర్వాతి ముక్కకే పోవాలి. సి, హెచ్‌ల జంటా, రెండు ఎల్‌ల జంటా అంతే. ఎస్-కు-చార్ అంటే వినడం, రెండు ఎల్‌లను య అని పలికే యా-మార్ అంటే పిలవడం.

అచ్చుల పాఠం ఇంతకంటే సున్నితమైనది, తెలుగువాళ్లకు మరీ అవసరమైనది. అ, ఎ, ఒ అనే మూడు బలమైన అచ్చులలో ఏ రెండు పక్కపక్కన వచ్చినా అవి రెండు వేర్వేరు సిలబుళ్లు. చదవడం అంటే లె-ఎర్, పడిపోవడం అంటే కా-ఎర్. ఇ, ఉ అనే బలహీనమైన అచ్చులు బలమైనదాని పక్కన వస్తే కలిసిపోతాయి. ఎస్-తు-ద్యార్ అన్న మాటలో మూడే ముక్కలుంటాయి, నాలుగు కాదు. అయితే ఆ బలహీనమైన అచ్చు మీదనే ఊనిక పడితే, అంటే దాన్ని ఒత్తి పలికితే, అది మళ్లీ విడిగా నిలబడుతుంది, రాతలో దాని నెత్తిన చిన్న గీత పెడతారు. పంపడం అన్న క్రియ ఎన్-బ్యార్ అని రెండు ముక్కలు, ‘నేను పంపుతాను’ అన్నప్పుడు ఎన్-బీ-ఒ అని మూడు ముక్కలు.

మన నోటికి రెండు అచ్చులు ఎదురెదురుగా నిలబడితే పడదు. మా + అమ్మ మాయమ్మ, మీ + ఇల్లు మీయిల్లు అవుతాయి, మధ్యలోకి యకారం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అదే అలవాటుతో లె-ఎర్‌ను ‘లెయెర్’ అనీ, కా-ఎర్‌ను ‘కాయెర్’ అనీ, ‘తింటూ ఉండేవాణ్ని’ అనే కో-మీ-ఆ అన్న మాటను ‘కోమీయా’ అనీ పలుకుతాం. పరీక్ష గదిలో పలికినా వినేవారికి అర్థం కావచ్చు గానీ, సిలబుళ్లు లెక్కపెట్టేటప్పుడు ఆ యకారం ఒక హల్లు ఉన్నట్టుగా చెవిని మోసం చేస్తుంది. యడాగమం పాఠం చెప్పే నేనే నా నోట్లోని యడాగమాన్ని గుర్తుపట్టలేకపోయాను. మేడమ్ ఫోన్‌లో నా గొంతు రికార్డు చేసి వినిపించాకగాని ఒప్పుకోలేదు.

ఇక నాలుగో, ఐదో ఆదివారాల పాఠం కోసమే ఈ తరగతికి మళ్లీ డబ్బు కట్టమన్నా కడతాను. అది ఊనిక గురించి. తెలుగులో ఒక మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా అర్థం మారదు. స్పానిష్‌లో మారుతుంది. ‘ఆబ్లో’ అన్న మాటలో మొదటి ముక్క మీద ఊనితే ‘నేను మాట్లాడుతాను’, రెండో ముక్క మీద ఊనితే ‘ఆయన మాట్లాడాడు’. అచ్చుతోగానీ, ఎన్, ఎస్ అక్షరాలతోగానీ ముగిసే మాటలకు చివరినుంచి రెండో సిలబుల్ మీద, మిగతా హల్లులతో ముగిసేవాటికి చివరి సిలబుల్ మీద ఊనిక ఉంటుంది. ఈ లెక్కకు తప్పిన మాటలకు నెత్తిన గీత పెట్టి చూపిస్తారు. క్రియల మూలరూపాలన్నీ ఆర్‌తోనే ముగుస్తాయి కాబట్టి వాటన్నిటికీ ఊనిక చివరి ముక్కమీదే. సిలబుళ్లు విడగొట్టడం రానివారికి చివరినుంచి రెండోది ఏదో తెలియదు, అది తెలియకపోతే ఊనిక తెలియదు. మనం ఊనడానికి బదులు అచ్చును సాగదీస్తాం. అందుకని మేడమ్ ముందు మాట లేకుండా బల్లమీద వేళ్లతో దరువు వేయించి, ఆ దరువు మీద మాటను కూర్చమన్నారు.

ఆ తర్వాత ‘ఆలోచించడం’ అనే అర్థమున్న పెన్-సార్ క్రియ ఆరు రూపాలను ఆరు అట్టలమీద రాసి, ఊనిక పడిన ముక్కకు ఎర్రరంగు పూయమన్నారు. నేను, నీవు, అతడు, వారు అన్న నాలుగు రూపాల్లో ఎర్రరంగు ధాతువు మీద పడింది. అవి ప్యెన్-సో, ప్యెన్-సాస్, ప్యెన్-సా, ప్యెన్-సాన్. మేము, మీరు అన్న రెండు రూపాల్లో ఎర్రరంగు ధాతువును దాటి ప్రత్యయం మీద పడింది. అవి పెన్-సా-మోస్, పెన్-సాయిస్. ధాతువులోని ఎకారం ఎక్కడెక్కడ ‘యె’గా విరిగిందో చూడండి. ఎర్రరంగు ధాతువు మీద ఉన్నచోటల్లా విరిగింది, లేనిచోట విరగలేదు. మా అమ్మాయి ఆ అట్టలకేసి కాసేపు చూసి, “ఇదా సంగతి” అని మాత్రం అన్నది. నాలుగు నెలలు ఆమె ఈ క్రియను నియమం తప్పినదిగా బట్టీ పట్టింది. నియమం పదం లోపలే ఉన్నది, దరువులో ఉన్నది.

దీని కారణాన్ని కూడా మేడమ్ చెప్పకుండా వదల్లేదు. స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్ భాషలోని హ్రస్వమైన ఎ, ఒ అనే అచ్చులు, ఊనిక పడినచోట, స్పానిష్‌లో ‘యె’గా, ‘వె’గా విరిగాయి. క్రియల్లోనే కాదు, నామవాచకాల్లోనూ ఇదే కనిపిస్తుంది. లాటిన్‌లో తలుపు పోర్తా, స్పానిష్‌లో ప్వెర్-తా. తలుపు దగ్గర కాపలా ఉండేవాడు పోర్-తే-రో, ఎందుకంటే అక్కడ ఊనిక తే మీదికి జరిగింది. పన్ను ద్యెన్-తే, పళ్ల వైద్యుడు దెన్-తీస్-తా. లెక్కించడం, కథ చెప్పడం అనే రెండు అర్థాలూ ఉన్న కోన్-తార్ క్రియ క్వెన్-తో, కోన్-తా-మోస్ అని మారడం ఇందులో భాగమే. తరగతి అయ్యాక బస్టాండులో కూర్చుని మా అమ్మాయి ‘గుర్తుంచుకోవడం’ అనే రె-కోర్-దార్ క్రియను ఎవరూ చెప్పకుండానే ఆరు రూపాలుగా చెప్పింది. రె-క్వెర్-దో దగ్గర వేలు ఒకసారి, రె-కోర్-దా-మోస్ దగ్గర మరొకసారి బల్లమీద తట్టి చూసుకుంది. ఆరూ సరిగ్గా వచ్చాయి.

అయితే దీని హద్దును కూడా ఆమె నిజాయితీగా చెప్పారు. ఏ క్రియ విరుగుతుందో మూలరూపం చూసి చెప్పలేం. ఎన్-తెన్-దేర్, కోమ్-ప్రెన్-దేర్ రెండింటికీ అర్థం చేసుకోవడమనే అర్థం, చూడటానికీ ఒకేలా ఉంటాయి. మొదటిది ఎన్-త్యెన్-దో అవుతుంది, రెండోది కోమ్-ప్రెన్-దో గానే ఉంటుంది. విరిగే క్రియల పేర్లు గుర్తుపెట్టుకోక తప్పదు. పేరు తెలిశాక ఎక్కడ విరుగుతుందో మాత్రం బట్టీ పట్టనక్కర్లేదు. ఇంత స్పష్టంగా ఇక్కడిదాకా నియమం, ఇక్కడినుంచి జ్ఞాపకం అని గీత గీసి చూపించే ఉపాధ్యాయులు అరుదు.

భవిష్యత్ కాలం పాఠం కూడా బాగుంది. కాన్-తా-రే, అంటే ‘పాడతాను’, అన్న మాటను కోస్తే కాంతార్ అనే మూలరూపం మొత్తం అందులో ఉంటుంది. చివరనున్న ‘ఎ’ ఒకప్పుడు ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న ఆబేర్ అనే సహాయక క్రియ రూపం. పాత స్పానిష్‌లో ఈ రెండూ విడివిడిగా ఉండి, వాటి మధ్య సర్వనామం కూడా దూరగలిగేది. కాలక్రమంలో అతుక్కుపోయి సహాయక క్రియ ప్రత్యయంగా మారింది. మన ‘పాడుతున్నాము’లో ‘ఉన్నాము’ అన్న క్రియ అతుక్కున్నట్టే ఇది. ‘నాకు ఉంటుంది’ అనే అర్థమున్న తెన్-ద్రే అన్న రూపంలో మధ్య అచ్చు జారిపోయి, ఎన్, ఆర్‌లు ఎదురుపడినచోట వాటిమధ్య డి అక్షరం పుట్టింది. దాన్ని కోయించకుండా చెప్పి దాటేశారు, కోయించి ఉంటే బాగుండేది.

ఇప్పుడు పుస్తకం సంగతి. ఇది తరగతివారు సొంతంగా ముద్రించుకున్నది కాదు, వేరే చోట అచ్చయినదాన్ని కొని ఇచ్చారు. స్పానిష్ వర్ణమాలలో 29 అక్షరాలున్నాయని అందులో ఉంది. అది పాత లెక్క. సి-హెచ్ జంటనూ, రెండు ఎల్‌ల జంటనూ నిఘంటువుల్లో వేరు అక్షరాలుగా వరస పెట్టడం 1994లోనే స్పానిష్ భాషా అకాడమీలు మానుకున్నాయి. 2010లో వచ్చిన వర్ణక్రమ గ్రంథం అక్షరాలు 27 అని స్పష్టం చేసింది. 1713లో మాడ్రిడ్‌లో ఏర్పడిన రాజ అకాడమీ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, అందులో క్రియలన్నిటి రూపాలూ ఉన్నాయి. పుస్తకం తయారుచేసినవారు ఒక్కసారి దాన్ని చూసి ఉంటే సరిపోయేది. ఆ జంటలు అక్షరాలుగా లెక్కలోంచి పోయినా సిలబుల్ విడగొట్టేటప్పుడు విడిపోవు అన్న ముఖ్యమైన ముక్క కూడా అందులో లేదు. మేడమ్ చెప్పాక మేమే పుస్తకంలో పెన్నుతో దిద్దుకున్నాం.

ఇంకా పెద్ద లోపం తెలుగు ఉదాహరణలది. పాడాను, పాడావు, పాడాడు, పాడాము అన్నవి తప్ప మరే రూపాలూ పుస్తకంలో లేవు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇంట్లో అనేది పాడిన, పాడినవ్, పాడిండు, పాడినం. మా తరగతిలో జడ్చర్ల నుంచి వచ్చే ఒక కుర్రవాడు పుస్తకంలోని మాటలను కోయడానికి తంటాలు పడి, తన మాటలను మాత్రం చకచకా కోశాడు. కారణమూ ఉంది. ‘పాడినం’ అన్న మాటను కోస్తే పాడ్ అనే ధాతువు, జరిగిపోయిందని చెప్పే ‘ఇన్’, మేము అనే ‘అం’ మూడూ కళ్లెదుట విడివిడిగా కనబడతాయి. ‘పాడాము’లో ఆ ‘ఇన్’ అరిగిపోయి ఒక్క ఆకారమే మిగిలింది. కాంతాబామోస్‌లోని ‘బా’కు సరైన జోడు మన ‘ఇన్’. ‘నేను పాడిన’ అన్నప్పుడు మనిషిని చెప్పే ముక్క ఊడిపోయి ఉంటుంది. స్పానిష్‌లో కాన్-తా-బా అన్న రూపానికీ అంతే, నేను పాడేవాణ్ని అన్నా, అతడు పాడేవాడు అన్నా అదే మాట, చివరి గది ఖాళీ. ఇంత దగ్గరి పోలిక మన నోట్లోనే ఉండగా దాన్ని తక్కువదిగా భావించి పుస్తకంలోకి రానివ్వకపోవడం నాకు నొప్పి కలిగించింది. నేను ఈ మాట చెప్పిన వారం నుంచి మేడమ్ బల్లమీద రెండు రూపాలూ రాశారు. తర్వాతి జట్టుకు తెలుగు ఉదాహరణల కాగితం వేరుగా ఇస్తానన్నారు. దాన్ని తయారుచేయడంలో నేనూ కూర్చుంటానని చెప్పాను.

తరగతి నిర్వహణలో నాకు కనబడిన మరో లోపం చివరి ఆదివారం హడావుడి. ఆజ్ఞార్థకానికి సర్వనామాలు అతికే పాఠానికి నలభై నిమిషాలే మిగిలాయి. ‘నాకు అది చెప్పు’ అనే దీ-మె-లో అన్న ఒక్క మాటలో చెప్పు, నాకు, అది అనే మూడు ముక్కలుంటాయి. ముక్కలు చేరినకొద్దీ సిలబుళ్లు పెరుగుతాయి, ఊనిక మాత్రం మొదట ఉన్న ‘దీ’ మీదనుంచి కదలదు, అందుకే నెత్తిన గీత వస్తుంది. అంతవరకు నేర్చుకున్న రెండు కోతలూ, ఊనికా మూడూ కలిసి పనిచేసే చోటది. దానికి పూర్తిగా ఒక ఆదివారం ఇవ్వాలి. కావలసిన సమయం మూడో వారంలోనే దొరుకుతుంది. ఆ వారం ‘బూస్-కార్’, ‘బూస్-కే’ వంటి రూపాల్లో అక్షరాలు మారడం గురించి గంటన్నర చెప్పారు. రాతలో సి పోయి క్యు, యు వచ్చినా చెవికి ఏ మార్పూ లేదు. తెలుగులో రెండూ రాసి చూపిస్తే రెండుచోట్లా క గుణింతమే కనిపిస్తుంది, పది నిమిషాల్లో ముగిసే పని.

గది చిన్నది, పన్నెండు మందికి ఇరుకు. కిటికీ కింద బండ్ల హారన్లు. ఊనిక వినవలసిన తరగతికి అది నిజంగా ఇబ్బందే. వెనక వరసలో కూర్చున్నవాళ్లకు ఆబ్లోలో ఊనిక ఎక్కడ పడిందో రెండుసార్లు అడగవలసి వచ్చింది, కాబట్టి ముందుగా వెళ్లి ముందు వరసలో కూర్చోవడం మంచిది. పని చేయడం అనే త్రా-బా-ఖార్ వంటి మాటల్లోని గొంతు ధ్వని గురించి మాత్రం ఎవరూ భయపడనక్కర్లేదు. మన పట్టణాల్లో ఉర్దూ మాట్లాడేవారు ‘ఖబర్’ అన్నప్పటి ఖ వింటూ పెరిగినవాళ్లం కనుక అది మాకు మొదటిరోజే వచ్చింది.

స్పానిష్ అసలే తెలియనివారు నేరుగా ఈ తరగతికి వస్తే ఇబ్బంది పడతారు. వర్ణమాల, ఓ వంద మాటలు, వర్తమాన కాలం పట్టిక ఒకటి ముందే చూసుకుని రావాలి. పట్టికలతో విసిగిపోయినవారికీ, ఏ1, ఏ2 పరీక్షలకు చదువుతున్నవారికీ, నాలాగా తెలుగు వ్యాకరణం చెప్పేవారికీ ఇది గట్టిగా సిఫారసు చేస్తాను. పుస్తకం కోసం కాకుండా మేడమ్ కోసం వెళ్లండి. కత్తెర, టేపు వాళ్లే ఇస్తారు. అట్టముక్కలు మాత్రం ఇంటినుంచి ఎక్కువ తీసుకుపోండి, అక్కడ ఇచ్చేవి ఐదో వారానికల్లా అయిపోతాయి.